పద్నాలుగు తర్వాత

మా బావకి ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది అంకెలు చెప్పినందుకు. వేళాకోళం కాదు, నిజమే చెప్తున్నాను. వానలో తడుస్తూ ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చెప్పాడు, అదీ మధ్యలో ఒక అంకె వదిలేసి. ఆ అంకెల మీద ఇంకొకాయన గొంతుతో మాటలు అతికించారు. హాల్లో జనం ముక్కులు చీదుకున్నారు, పేపర్ల వాళ్ళు నోటికొచ్చినంత పొగిడారు. మా అక్క ఒక్కతే పొగడలేదు, ఏడవలేదు. ఆ వదిలేసిన అంకె దగ్గర తన మొగుడు ఏమన్నాడో తెలుసుకోవాలని పట్టుబట్టింది.

నాది కళ్ళజోళ్ళ దుకాణం. ఎదురుగా ఉన్న మనిషికి ఏం కనిపిస్తోంది, ఏం కనిపించడం లేదు అని అడగడమే నా బతుకు. అందుకని చూసింది చూసినట్టు చెప్పడం అలవాటు. మధ్యలో నేను చిరాకు పడితే మీరే సర్దుకోవాలి. సినిమావాళ్ళ ఊసెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది, ఇంట్లోనే ఒకణ్ణి పెట్టుకుని కూడా.

బావ మొదట్లో బస్సు డిపోలో గుమాస్తా. టికెట్ల కట్టలు వరసగా ఉన్నాయో లేదో చూడటం పని. మనిషి బక్కపల్చగా ఉండేవాడు, గొంతు మాత్రం గదిలో పట్టేది కాదు. డిపోవాళ్ళు ఏటా ఒక నాటకం వేసేవారు. ఒక ఏడు బావకి పోలీసు వేషం. తెర వెనక నిలబడి మాట అందించేవాడికి జలుబు చేసి, తుమ్ములే తప్ప మాటలు రాలేదట. స్టేజీ మీద ఒక్కొక్కరూ గుడ్లప్పగించి నిలబడిపోతుంటే బావ తన మాటలు చెప్పుకుంటూనే పక్కవాళ్ళకి కూడా చెవిలో అందించాడు. నాటకం మొత్తం ఆయనకి కంఠతా వచ్చు. ఒకసారి కాగితం మీద చూపు పడితే చాలు, అది తలలో దిగిపోయేది. ఆ నాటకం చూడ్డానికి వచ్చిన ఒక సినిమా ఆయన బావని పట్టుకుపోయాడు.

అప్పటికి అక్కతో పెళ్ళై ఏడాది కూడా కాలేదు. మొదటి సినిమాలో బావది పోస్టుమాన్ వేషం. తలుపు కొట్టి "టెలిగ్రామ్ అమ్మా" అనాలి, అంతే. ఆ రెండు మాటలకీ వారం రోజులు ఇంట్లో రిహార్సలు. మా అక్క వంటింటి తలుపు తీసినప్పుడల్లా టెలిగ్రామే. పక్కింటావిడ కంగారుపడి ఎవరు పోయారని అడగడానికి వచ్చింది కూడా.

తర్వాత తండ్రి వేషాలు వచ్చాయి. ముప్పై దాటీ దాటకుండానే తెల్ల విగ్గు పెట్టారు. కొడుకుగా వేసిన హీరో బావకంటే ఆరేళ్ళు పెద్దవాడు, షాట్ అయిపోయాక "నాన్నగారూ, సిగరెట్ ఉందా" అని అడిగేవాడట. ఆ పేరే నిలిచిపోయింది. సినిమా వాళ్ళంతా ఆయన్ని నాన్నగారనే పిలిచేవారు. పోలీసు కమిషనర్లకి, దొంగలకి, పెళ్ళికూతుళ్ళకి, అందరికీ నాన్నే. సొంతానికి పిల్లల్లేరు. ఆ లోటు గురించి వాళ్ళిద్దరూ నా ఎదట ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

బావ మాటలు నేర్చుకునే పద్ధతి ఒకటుంది, అది చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ఆయన గడప మీద ఒరిగి నిలబడేవాడు. అక్క నేల మీద కూర్చుని కూర తరుగుతూ, కాగితాలు ఒళ్ళో పెట్టుకునేది. బావ చెప్తూ వెళ్ళేవాడు. ఎప్పుడైనా మాట తట్టకపోతే కాగితం వైపు చూడడు. చిటికె వేసి, "అందించవే" అనేవాడు. అక్క మొదటి మాట ఒక్కటే అందించాలి. వాక్యమంతా చెప్పేస్తే కోపం. "తాళం చెవి ఇవ్వమంటే తలుపు తీసి లోపల కూర్చోబెడతావేం" అని విసుక్కునేవాడు. కాగితం కూడా పూర్తిగా చూడక్కర్లేకుండా, ఆయన పెదవుల మీద కళ్ళు పెట్టి, ఎక్కడ తడబడతాడో ముందే పసిగట్టేది అక్క. "అందించ" దాకా రాకముందే మాట అందేది.

మిగతా నటుల్ని బావ ఊరికే తిట్టడు గానీ, ఒక రకం వాళ్ళంటే మాత్రం గిట్టదు. మాటలు రానివాళ్ళు. కెమెరా ముందు నిలబడి పెదవులు కదపడం కోసం ఒకటి రెండు మూడు నాలుగు అని అంకెలు చెప్తారు, తర్వాత ఎవరో గొంతు అరువిస్తారు. వాళ్ళని అంకెల బడి అనేవాడు బావ. షూటింగ్ నుంచి వచ్చి ఆ రోజు చూసింది అక్కకి చేసి చూపించేవాడు. అంకెలతోనే అలిగేవాడు, అంకెలతోనే గుండె బాదుకునేవాడు. అక్క కూడా ఊరుకోదు, "ఇరవై మూడు, ఇరవై నాలుగూ" అని చెయ్యి ఊపుతూ ఎదురు దెబ్బలాడేది. కూరలో ఉప్పు ఎక్కువైందని అంకెల్లో గొడవ, పక్క దులపలేదని అంకెల్లో గొడవ. నేను మధ్యలో కూర్చుని నవ్వలేక చచ్చేవాణ్ణి. అంత బాగున్న రోజులు మళ్ళీ రాలేదు.

అన్నీ ఉన్నా అక్కకి ఒక కోరిక మిగిలిపోయింది. బావ తెర మీద ఎంతమందితో ఎన్ని మంచి మాటలు చెప్పాడో లెక్కలేదు. అవన్నీ ముందు అక్క ఒళ్ళో కాగితాల మీద నుంచి వెళ్ళినవే. ఒకసారి నేనుండగానే అడిగింది. ఆ హాస్పిటల్ సీనులో ఆవిడతో అన్నారు చూడండి, నువ్వు లేకపోతే నేనెవర్నని, అది నాతో ఒకసారి అనకూడదా అని. బావ కాళ్ళు కడుక్కుంటూ, "ఇంట్లో కూడా డ్యూటీ చెయ్యమంటావా" అన్నాడు. అక్క నవ్వేసింది. నవ్విన తర్వాత కాసేపు చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే ఊడ్చింది. రాసిచ్చిన మాట కాకుండా, తనకోసమే పుట్టిన మాట ఒక్కటి ఆయన నోటి నుంచి వినాలని అక్కకి ఉండేది. అడిగి ఇప్పించుకునేది కాదు కదా అది, అందుకని ఎదురుచూసేది.

రోగం మొదలైనప్పుడు మేం కళ్ళే అనుకున్నాం. అక్షరాలు ఈదుతున్నాయిరా కళ్ళజోడూ, అని నా దగ్గరికి వచ్చాడు బావ. నన్ను పిలిచేది అలాగే. పవర్ చూశాను, అద్దాలు మార్చాను. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మార్చాను. మూడోసారి బోర్డు మీద అక్షరాలు చదవమంటే అన్నీ కరెక్టుగా చదివాడు, చివరి వరస చిన్న అక్షరాలతో సహా. చదివి, "ఇప్పుడు నేనేం చదివాను" అన్నాడు. నేను లెన్సులు పక్కన పెట్టి అక్కకి ఫోన్ చేశాను.

డాక్టర్లు చెప్పింది అక్క ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే ఇక ఎవరూ పిలవరని భయం. పిలవకపోతే ఆయన బతకడని ఇంకో భయం. అందుకని షూటింగులకి తనూ వెళ్ళడం మొదలుపెట్టింది. సోఫా వెనక, బీరువా వెనక, ఒకసారి మంచం కింద కూడా దూరి మాట అందించింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. చెవిలో పెట్టుకునే యంత్రం ఒకటి తెచ్చారు, దాంట్లోంచి మాట వినిపిస్తుందని. బావ బెదిరిపోయాడు. తల లోపల ఎవరో ఉన్నారని పీకి పారేశాడు. అక్క గొంతైతేనే ఆయనకి ధైర్యం.

సంగతి పొక్కకుండా ఉంటుందా? నాన్నగారికి టేకుల మీద టేకులట అని ఒకడన్నాడు, నాన్నగారికి చాదస్తమట అని ఇంకొకడు. ఫోన్లు ఆగిపోయాయి. బావ పొద్దున్నే గెడ్డం గీసుకుని, బట్టలేసుకుని, కారు ఇంకా రాలేదేమిటని గేటు దగ్గర నిలబడేవాడు. సాయంత్రం దాకా చెప్పులు విప్పేవాడు కాదు.

అలాంటప్పుడు ఒక కుర్ర దర్శకుడు వెతుక్కుంటూ వచ్చాడు. వాడికి అన్నీ తెలుసు, తెలిసే వచ్చాడు. నాకు మీ ముఖం కావాలండీ అన్నాడు. కథ చెప్పాడు. జన్మంతా పెళ్ళాంతో ఒక మంచి మాట మాట్లాడని ముసలాయన. ఆవిడ ఇల్లొదిలి వెళ్ళిపోతే వెతుక్కుంటూ వెళ్ళి, ఒక బస్టాపులో, వానలో, ఇన్నాళ్ళూ అననివన్నీ ఒక్క గుక్కలో అనేస్తాడు. అక్క విని, ఈ అబ్బాయికి మన ఇంటి సంగతి ఎవరు చెప్పారండీ అని బావని అడిగి నవ్వింది. బావ కూడా నవ్వాడు, ఆవిడ నవ్వింది కాబట్టి.

ఇంట్లో ఆ సీను రిహార్సలు నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. అక్క మొదటి మాట అందించింది. బావకి రెండోది రాలేదు. రెండోదీ అందించింది. మూడోది రాలేదు. చివరికి వాక్యం వాక్యం తనే చెప్పింది, ఆయన తల ఊపుతూ విన్నాడు. నీ చేతి గాజుల చప్పుడు లేని ఇంట్లో నాకు నిద్ర పట్టడం లేదే. నీకు చెప్పకపోయినా నాకు తెలుసే. ఎవరైనా తనతో అంటే బాగుండునని జన్మంతా అనుకున్న మాటలన్నీ అక్కే ఆయనతో అంది. అన్నీ విని బావ, "చాలా బాగా చేశావమ్మా, ఏ నాటక సమాజం మీది" అన్నాడు.

వాన సీను రోజు నన్ను కూడా రమ్మంది అక్క. ఊరి చివర ఖాళీ రోడ్డు మీద బస్టాపు సెట్టు వేశారు. నీళ్ళ ట్యాంకర్లు రెండు, ఎత్తుగా గొట్టాలు. అక్క బస్టాపు స్తంభం వెనక ముడుచుకుని కూర్చుంది. ట్యాంకర్లు వదలకుండా ముందొకసారి చేయించి చూశారు. ఎదురుగా భార్య వేషం వేసినావిడ నిలబడి ఉంటే, బావ ఆవిడ వైపు చూడడం లేదు. మాటిమాటికీ స్తంభం వైపే చూస్తున్నాడు. దర్శకుడు వచ్చి అక్క పక్కన గొంతుక్కూర్చున్నాడు. మర్యాదగానే చెప్పాడు, వాణ్ణేమీ అనడానికి లేదు. "అమ్మా, మీరు ఇక్కడుంటే ఆయన కళ్ళు మీ దగ్గరికే వస్తున్నాయి. ఫ్రేము పోతోంది. కాసేపు కార్లో కూర్చుంటారా?"

అక్క చీర కొంగు దులుపుకుని లేచి వెళ్ళింది. నేను బావ కోసం పొడి తువ్వాలు ఇచ్చి రావడానికి వెనక ఉండిపోయాను. అప్పుడు విన్నాను. బావ చుట్టూ చూశాడు, స్తంభం వెనక ఎవరూ లేరు. తల దించుకుని, తప్పు చేసిన పిల్లాడి గొంతుతో దర్శకుణ్ణి అడిగాడు.

"బాబూ, అంకెలు చెప్పనా?"

జీవితమంతా అంకెల బడిని వెక్కిరించిన మనిషి అడిగాడు ఆ మాట. దర్శకుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి, చెప్పండి నాన్నగారూ, ఏదైనా చెప్పండి అన్నాడు. నేను ఇంకక్కడ నిలబడలేకపోయాను.

కార్లో అద్దాలెత్తుకుని కూర్చున్నాం. ట్యాంకర్లు వదిలారు, ఆ హోరుకి పక్కన ఉన్న మనిషి మాటే వినపడటం లేదు. అక్క అవసరం లేని కాగితాలు ఒళ్ళో పెట్టుకుని వాటి అంచులు సరిచేస్తూ కూర్చుంది. కాసేపటికి ఎవరో వచ్చి, ఒక్క టేకులో అయిపోయింది, లైట్ల వాళ్ళు కూడా ఏడ్చేశారని చెప్పాడు. బావని తువ్వాలు చుట్టి తీసుకొచ్చారు. పళ్ళు టకటకలాడుతున్నాయి. కార్లో కూర్చోగానే అక్క చెయ్యి పట్టుకుని, "ఎక్కడికెళ్ళావే" అన్నాడు. ఇక్కడే ఉన్నానండీ అంది అక్క. ఇంటికొచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు, అక్క చెప్తూనే ఉంది. పాపం చలికి కలవరిస్తున్నాడని నేను హీటర్ పెంచాను.

డబ్బింగ్ థియేటర్‌కి తీసుకెళ్తే తెర మీద తనని చూసి, ఎవరో పెద్దాయన తడుస్తున్నాడు, గొడుగివ్వండి అన్నాడు. ఇక లాభం లేదని చిలకని పిలిపించారు. చిలక అంటే అందరి గొంతులూ అనుకరించే అతను, పేరు అలాగే స్థిరపడింది. బావ గొంతు అతనికి వెన్నతో పెట్టిన విద్య. అతను చెప్పాడు, సినిమా అయింది. ఈలోగా బావకి ఒక్కొక్క మాటా రాలిపోయింది. ముందు వస్తువుల పేర్లు, తర్వాత మనుషులవి, ఆ తర్వాత అంకెలు కూడా. సినిమా విడుదలయ్యే నాటికి మాటే లేదు. అక్క ఆయన్ని వదిలి కదలదు కాబట్టి సినిమా చూడలేదు. అవార్డు వచ్చిందని ఫోన్ చేస్తే, "ఎవరికి, ఈయనకా, చిలకకా" అని అడిగింది.

అవార్డు తీసుకోవడానికి అక్క, నేను వెళ్ళాం. బావని పక్కింటావిడకి అప్పజెప్పాం. జ్యూరీలో పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకుని, నటన అంటే మాటల్లో లేదు, మాటకీ మాటకీ మధ్య ఉందన్నాడు. ఆ సీనులో ఒక చోట నాన్నగారు ఆగుతారు, ఎవరి కోసమో చూస్తారు, ఆ ఆగడం ఒక్కదానికే ఈ అవార్డు ఇవ్వొచ్చన్నాడు. లైట్లు తీసి ఆ ముక్క పెద్ద తెర మీద వేశారు.

బావ ముఖం గోడంత ఉంది. వాన నీళ్ళు కనుబొమ్మల మీద నుంచి కారుతున్నాయి. చిలక గొంతు బావ గొంతై మాట్లాడుతోంది. గాజుల చప్పుడు, నిద్ర పట్టకపోవడం, అన్నీ వచ్చాయి. మధ్యలో బావ ఆగాడు. కళ్ళు పక్కకి వెళ్ళాయి, దేన్నో వెతికాయి. "క్షమించవే" అని వినిపించింది. హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. నా పక్కన అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మ అనాలంటే పెదవులు కలవాలి కదరా," అంది నా చెవిలో. "ఆయన పెదవులు కలవలేదు. అక్కడ అది అనలేదాయన."

ఊరుకో అక్కా, అంకెలే కదా అన్నాను. అంకె కూడా కాదంది. పద్నాలుగు దాకా లెక్కపెట్టాను పెదవులు చూసి, దాని తర్వాత అంకె కాదు, ఏదో అన్నాడంది. స్టేజీ మీదికి పిలిస్తే వెళ్ళి అవార్డు బొమ్మ తీసుకుని దిగి వచ్చేసింది. కారెక్కగానే, చిలక ఇల్లు నీకు తెలుసా అని అడిగింది. ఆ గొంతులో ఆశ నాకు వినిపించింది. ముసలితనంలో అలాంటి ఆశ మంచిది కాదని నాకు తెలుసు. అయినా ఎలా వద్దంటాను? ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట అక్కడ ఆ వానలో పడి ఉందేమో అనుకుంటోంది మనిషి. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. సైకిల్ షాపు మీద మేడ. మెట్లెక్కుతుంటే లోపల నుంచి కాకి అరుపు, ఏనుగు ఘీంకారం వినిపించాయి. పిల్లల బొమ్మల సినిమాకి సాధన చేస్తున్నాడు చిలక. అక్కని చూసి లుంగీ సర్దుకుని, కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోబెట్టాడు. టీ పెట్టమని లోపలికి కేకేశాడు. అవార్డు మీ ఇంట్లో ఉంటే ఏంటమ్మా, మా ఇంట్లో ఉంటే ఏంటి అని నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆపేశాడు.

అక్క అడిగింది. షూటింగులో రికార్డయిన అసలు గొంతు ఉంటుందట కదా, అది విని కదా నువ్వు చెప్తావు, అది నాకు వినిపించాలంది. చిలక తల అడ్డంగా ఊపాడు. సినిమా అయిపోయాక అవి ఎవరూ ఉంచరని, చెరిపేశారని చెప్పాడు. అయినా అంకెలే కదా అని ఎవరూ సరిగ్గా వినను కూడా లేదన్నాడు.

"నువ్వు విన్నావుగా," అంది అక్క.

చిలక నా వైపు చూశాడు. నేనేం సాయం చెయ్యగలను? విన్నానమ్మా, పెదవులకి మాట కుదర్చాలి కాబట్టి వినాల్సొచ్చింది, పదేపదే విన్నాను అన్నాడు. ఆయన పద్నాలుగు దగ్గర ఆగిపోయారు. చేత్తో ఇలా చిటికె వెయ్యబోయారు, తడి వేళ్ళు కదా, చప్పుడు రాలేదు. రచయిత అక్కడ క్షమించు అని రాశాడు, చివర పెదవులకి కుదరాలని నేను దాన్ని క్షమించవే చేశాను. నాకు అర్థం కాని మాట కదా అని ఇంకెవరికీ చెప్పలేదన్నాడు.

"ఏమన్నాడో అను."

చిలక గొంతు సవరించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ చిన్న గదిలో, కాకి, ఏనుగు మాటలు రాసిన కాగితాల మధ్య, మా బావ మాట్లాడాడు.

"అందించవే."

నేను సిగ్గుపడే మాటే చెప్తున్నాను, నాకు ముందు కలిగింది నిరాశ. ఇంతేనా అనుకున్నాను. ప్రేమా లేదు, క్షమాపణా లేదు. తర్వాతి అంకె గుర్తు రాక అడిగాడు, అంతే కదా అనుకున్నాను.

చిలక కళ్ళు తెరవలేదు. రెండోసారి కూడా అన్నారమ్మా, కొంచెం మెల్లగా, అన్నాడు. అక్కడ వాళ్ళు భార్య వేషం వేసినావిడ ముఖం వేశారు, అందుకే సినిమాలో కనపడదు. కాసేపు ఆగారు. ఎవరూ ఏమీ అనలేదు. పదిహేను వదిలేసి పదహారు అన్నారు.

అప్పుడు అక్క ఏడ్చింది. స్తంభం వెనక నుంచి లేచి వెళ్ళినప్పుడు ఏడవలేదు, డాక్టరు చెప్పినప్పుడు ఏడవలేదు. చిలక కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, ఊపిరి అందనట్టు ఏడ్చింది. చిలక భార్య టీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నన్ను పిలిచాడురా," అంది. "రెండుసార్లు పిలిచాడు. నేను లేను."

నా మట్టి బుర్రకి అప్పటిగ్గానీ ఎక్కలేదు. ఎక్కడికెళ్ళావే అని ఇల్లు చేరేదాకా అడిగింది చలికి కాదు. ఆ మాట అక్కతో తప్ప ప్రపంచంలో ఇంకెవరితోనూ అనడు బావ. ఎవరూ రాసివ్వని మాట అది. అక్క ఎదురుచూసిన మాట వచ్చింది, వచ్చిన రోజున కార్లో అద్దాలెత్తి కూర్చున్నాం. ఆయన నిజంగా వెతికితే దాన్ని నటన అన్నారు, బొమ్మ ఇచ్చారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, అదే నాకు ఇంకా మంట. ఎవర్నైనా తిట్టగలిగితే కాస్త తేలికపడేవాణ్ణి.

ఇంటికొచ్చాం. బావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. పక్కింటావిడ గెడ్డం గీయించి, తల దువ్వి కూర్చోబెట్టింది, కారొస్తే ఎక్కి వెళ్ళిపోయేలా ఉన్నాడు. అక్క సంచీ అయినా దించకుండా వెళ్ళి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది, కూర తరిగేటప్పుడు కూర్చునేట్టు. కాసేపు ఆయన పెదవుల వైపే చూసింది.

"పదిహేనండీ," అంది.

బావ తల తిప్పి చూశాడు. అక్క ముఖం మీద ఆయన చూపు కాసేపు నిలిచింది. అప్పుడు ఆయన మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు, అక్కకి ఇంకా బాగా తెలుసు. రోడ్డు మీద ఎవరైనా ఆపి, నాన్నగారూ ఒక్క ఫోటో అంటే నవ్వే నవ్వు అది. కొంచెం ముందుకి వంగి, ఫోటోకి తగ్గట్టు భుజం వాల్చి, ఆ ఎవరో పెద్దావిడ కోసం ఓపిగ్గా నవ్వుతూ కూర్చున్నాడు.

అక్క లేవలేదు. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, మాట అందనివాళ్ళకి అందించేట్టు, మళ్ళీ చెప్పింది.

"పదిహేను."